అమావాస్య మర్నాడు

"ఆ పెద్దిరాజుగాడు నాకు రోగం పిల్లలు అంటగట్టిండు సూరాయమ్మక్కా. అయి రొయ్య పిల్లలు గాదు, నా కొంపకు కొరివి."

ఈ మాట లచ్చన్న నోట వినడం సూరాయమ్మకు ఈ వారంలో నాలుగోసారి. ఖుబ్జు రొట్టె తుంచి చాయ్‌లో ముంచుకుంటూ ఊఁ కొట్టింది. ఎడారి దేశంలో వఫ్రా అనే చోట, వాళ్లకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ తోట అది. ఆమె ఆకివీడు దగ్గరి మనిషి, నెల కిందటే తోటింట్లో వంటకు చేరింది. లచ్చన్నది జగిత్యాల పక్క పల్లె. ఊళ్లో మంచినీటి రొయ్యలు పెంచానని ఒకసారి నోరు జారినందుకు, కఫీల్ అతన్ని షుఐబా పైపుల పనిలోంచి తప్పించి ఇక్కడికి తెచ్చాడు. తోట మధ్య నల్ల ప్లాస్టిక్ పట్టా పరిపించి, పైన పచ్చ వల కప్పించి, విమానంలో రొయ్య పిల్లల్ని తెప్పించాడు. మూడు నెలలైంది.

"మావైపోళ్లందరూ మోసగాళ్లేనేంటి తమ్ముడూ?"

"అందరి సంగతి నాకెందుకు? వాడు మాత్రం మీ దిక్కోడే. మంచిగ పెరుగుతున్న చెరువు, ఒక్క అమావాస్య పోయి తెల్లారేసరికి ఖతం. సంగతి ఇని వాడు సాయంత్రం బండేసుకొని ఉరికొచ్చిండు. గట్టు మీద కాలు పెట్టనియ్యలే. రాయి తీసి ఇసిరిన. దూరంకెల్లి ఏదో ఒర్రిండు. ఎవడింటడు?"

"మరి చెరువేం చేశావు?"

"పక్క చేను జలంధర్ దేవుడోలె వచ్చిండు. 'సచ్చిన చెరువు ఎవడు కొంటడే, నేనైతే పూడ్చుకొని మక్క ఏసుకుంట' అని తీసుకుండు. ఆ పైసలతోనే వీసా. రెండు నెలలకు ట్రాక్టర్ కొన్నడట. మంచోనికి మంచే అయితది. చెరువు ఇంకా పూడ్వలేదట, తీరిక లేదో ఏమో."

గోడ మీది తెలుగు క్యాలెండర్ వంక చూసి లచ్చన్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఇవాళ అమావాస్య. రేపు శుక్రవారం, కఫీల్ అన్నదమ్ములతో వస్తాడు. రొయ్యలు బాగుంటే లచ్చన్న ఇఖామా పర్మిట్ ఈ తోటకు మారుస్తానని, అతని భార్య ముత్తెవ్వను తన ఇంటావిడ 'మామా' దగ్గర పనికి తెప్పిస్తానని మాటిచ్చాడు. బాగా లేకపోతే ఖలాస్. మళ్లీ షుఐబా, మళ్లీ పైపులు. ముత్తెవ్వ ముఖం చూసి ఐదేళ్లయింది.

మర్నాడు తెల్లవారగానే మేత బకెట్‌తో చెరువు దగ్గరికి వెళ్లిన లచ్చన్న బకెట్ వదిలేసి అంచుకు ఉరికాడు.

గాలి కొట్టిన వైపు అంచు పొడుగునా రొయ్యలు తేలి ఉన్నాయి. మీసాలతో సహా, కాళ్లతో సహా, పాలిపోయి, కదలక మెదలక. మేత పళ్లెం పైకి లాగాడు. నిన్న సాయంత్రం వేసిన మేత వేసినట్టే ఉంది.

నిమ్మకాయలకు వచ్చిన సూరాయమ్మ చూసేసరికి అతను నీళ్లు బయటికి వదిలే వాల్వు మీద రెండు చేతులూ వేసి ఉన్నాడు.

"ఏం చేత్తన్నావురా తమ్ముడూ!"

"సచ్చినయక్కా. అన్నీ సచ్చినయి. కఫీల్ వచ్చేలోపల నీళ్లిడిసి అన్నీ పాతిపెడ్త. పైపు పలిగిందని చెప్త. నువ్వు నోరిప్పకు, నీకు దండం పెడ్త."

ఆమె వంగి ఒకదాన్ని తీసింది. ఎండకు ఎత్తి పట్టింది. వెలుతురు ఇటు నుంచి అటు దూసుకుపోయింది.

"కండేదీ?"

"ఏంది?"

"చచ్చిన రొయ్యలో కండుండాలా వద్దా? కంపు కొట్టాలా వద్దా? నీకు ముక్కుందా, ఊరికే ముఖానికి తగిలించుకున్నావా?" వేళ్ల మధ్య నలిపింది. పెళపెళమంది. "ఇది ఒట్టి గుల్ల. రొయ్య ఎదిగితే పాత చొక్కా ఇరుకైపోయి వదిలేత్తది. అమావాస్యకీ పున్నానికీ మరీను. ఆ పూట ఒళ్లు మెత్తగా ఉంటది కదా, మేత ముట్టకుండా అడుగున నక్కుతాయి. మా ఆయన ఇరవయ్యేళ్లు చెరువు కాపలా కాశాడు. ఆ మాత్రం నాకు తెలవదా?"

"మరి మొన్నటిదాకా ఎందుకు కనవడలే?"

"చిన్నప్పుడు గుల్ల గోరంతే. వాటి గుల్ల అవే తినేత్తాయి. ఆ వాల్వు వదిలి వల విసురు ముందు!"

లచ్చన్న వల విసిరాడు. బరువుగా వచ్చింది. లోపల జానెడేసి రొయ్యలు, నీలం కొండీలు చాపుకుని తోకలతో ఫెడీఫెడీ కొడుతున్నాయి. అతను ఏడ్చాడో నవ్వాడో సూరాయమ్మకు అర్థం కాలేదు. ఒళ్లు మెత్తగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా, పసిపిల్లల్ని దింపినట్టు తిరిగి నీళ్లలోకి వదిలాడు.

మధ్యాహ్నం కఫీల్ వచ్చాడు. వల ఎత్తి చూపగానే "మాషాల్లా!" అని తమ్ముళ్ల వైపు గర్వంగా చూశాడు. లచ్చన్న భుజం తట్టి, "ముత్తెవ్వ పాస్‌పోర్ట్ కాపీ పంపమను, యల్లా" అన్నాడు.

బండ్లు వెళ్లిపోయాక సూరాయమ్మ చెరువు దగ్గరికి రెండు చాయ్‌లు తెచ్చింది. ముత్తెవ్వకు ఫోన్ చేసి వచ్చిన లచ్చన్న ముఖంలో ఇంకా ఆ నవ్వు పోలేదు. తీసి పారేయడానికి మనసొప్పక ఒక గుల్లను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఇంతకీ మీ ఊళ్లో రొయ్యలకి ఏం రోగమొచ్చింది తమ్ముడూ? ఎర్రబడ్డాయా? కుళ్లిపోయాయా?"

"ఎర్రగేం గాలేదక్కా. అమావాస్య తెల్లారి పోయి చూస్తే మేత ముట్టలే, గట్టెంబడి అంతా తెల్లగ, తేలికగ..."

అరచేతిలోని గుల్ల గాలికి ఎగిరి నీళ్లలో పడింది.

జలంధర్‌కు అమ్మిన ఆ ఎకరం పది గుంటల చెరువులో ఒక్క రొయ్యా చావలేదు.