ఇసుక దట్టించిన హూప్

దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

నడుము చుట్టూ తిప్పే హూప్‌లు తయారుచేసే కోడలు, కొత్త హూప్‌ని పెద్దాడపడుచు చేతికిచ్చింది. మొన్న ఇదే జిమ్‌లో అందరి ముందూ కోడలి హూప్ జారిపడితే, "నువ్వు చేసిందే నీ మాట వినదేం మరదలా!" అని పకపకా నవ్విన మనిషి ఆవిడే. తేలికైతే సులువుగా తిరుగుతుందని నమ్మి, ఏడాదిగా తేలికపాటి హూప్‌లే చేసింది పిచ్చి కోడలు. ఈసారి వదిన పరువు నేలరాలాలని హూప్ గొట్టం నిండా ఇసుక దట్టించింది.

"తిప్పండి వదినా, అందరూ చూస్తున్నారు," అంది తేనె పూసిన గొంతుతో.

వదిన తిప్పింది. హూప్ పడలేదు. నడుముని కరుచుకుని నిదానంగా తిరుగుతూనే ఉంది.

"అబ్బ, ఎంత సులువే! నేను మళ్లీ నడుము ఊపేదాకా జారిపోకుండా ఓపిగ్గా కాచుకుంటోంది. ఎంత బరువు పెట్టావేంటి?"

కోడలు ఇన్నాళ్లూ చెయ్యాలని చూసిన, సులువుగా తిరిగే హూప్, పగవాళ్ల నడుము మీద తిరుగుతోంది.

"మీ మీద కోపం ఎంతుందో అంత," అంది.

వదిన నవ్వు ఆగింది. హూప్ ఆగలేదు.

ఇప్పుడు ఊరంతా ఆ హూప్‌లే తిప్పుతున్నారు. గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి గానీ, కోడలు ప్రేమతో చేసిందని మాత్రం చెప్పకండేం.