సగం ఐసుగడ్డ

చల్లటి నీటిబొట్టు పాదం మీద పడగానే నీలిమ ఉలిక్కిపడింది.

ఎదుటి సీటు కింద గోనెసంచి. దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పెద్దాయనా, మీ మూట జర అటు జరుపుకోండి. నా బ్యాగు తడుస్తున్నది."

పంచె కట్టుకున్న ముసలాయన మూటను తన కాళ్ల మధ్యకు లాక్కున్నాడు. సంచి చిరుగులోంచి వరిపొట్టు, లోపల ఐసుగడ్డ కనిపించాయి.

చేపల బేరగాడై ఉంటాడని నీలిమ ముక్కు చిట్లించింది. నిజానికి చేపల వాసనేమీ రావడం లేదు. అయినా చిట్లించింది.

తాండూరులో ఎక్కిన ప్యాసింజరు ధారూరు రాకముందే ఆగిపోయింది. ముందు సిమెంటు గూడ్సు వెళ్లాలట. ఎంతసేపో ఎవరికీ తెలియదు. పేరుకే వానాకాలం, చినుకు లేదు. బోగీ ఉడికిపోతోంది.

ఒళ్లోని థర్మాకోల్ పెట్టె మూత తీసి చూసింది నీలిమ. పొద్దున నింపిన ఐసు చాలావరకు నీళ్లయింది. మూత వేసింది. మళ్లీ తీసింది.

"మాటిమాటికి తెరుస్తె ఇంక జల్ది కరుగుతది, బిడ్డా."

"నాకు తెలుసు," అంది చిరాగ్గా.

హైదరాబాదులో ఉన్న తన ప్రొఫెసరుకు ఫోన్ చేసింది.

"మేడమ్, రైలు ఆగిపోయింది. ఐసు కరిగిపోతున్నది."

"వేడి తగలనీయకు నీలిమా. అవి పోతే మళ్లీ వచ్చే వానాకాలమే. నీ ఏడాది కష్టం పోతుంది."

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

"ఏమున్నయి బిడ్డా అండ్ల?" అడిగాడు ముసలాయన.

చెబితే ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుంది. కానీ భయం ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు.

"తోకకప్పల కాళ్ల ముక్కలు."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"నాపరాళ్ల గుంతల్ల పట్టుకొచ్చి పెంచిన. తోకకప్ప కాలు కోస్తే మళ్ల మొలుస్తది. మొలిచేటప్పుడు లోపల ఏ జన్యువు మేల్కొంటదో ఈ ముక్కల్ల తెలుస్తది. ఆ ఆనవాలు మస్తు నాజూకు. వేడి తగిలితే చెదిరిపోతది."

"పెద్ద కప్పకు మొలవదా?"

"పెద్దగైనంక మొలవదు. ఆ జన్యువులు అప్పటిలెక్క లేవవు. ఎందుకు లేవవో చూస్తున్నం."

"మరి మనుషులకు?"

"ఇప్పుడైతే లేదు. ఎప్పటికన్న అయితదేమోననే గీ తిప్పలంత."

ముసలాయన కిటికీలోంచి కందిచేల వైపు చూశాడు.

"షుగరొచ్చి కాలు తీసేసినోళ్లకు గూడనా?"

"అయితే వాళ్లకు గూడ."

ఆయన మెల్లగా లేచి కిందికి దిగాడు. పట్టాల పక్క నుంచి కంకర రాయి ఒకటి తెచ్చుకున్నాడు. మూట విప్పి ఐసుగడ్డను మధ్యకు పగలగొట్టాడు.

"పెట్టె తెరువు, బిడ్డా."

"మరి మీకు? మీ చేపలు ఖరాబు కావా?"

ఆయన చెయ్యి కాస్త ఆగింది.

"నాకు సాలుతది తియ్. నువ్వు ఫికర్ చెయ్యకు."

సగం గడ్డ ముక్కలై పెట్టెలోకి చేరింది. నీలిమకు ప్రాణం లేచొచ్చింది. చిన్న చిన్న గొట్టాలను ఒక్కొక్కటే ఐసులోకి దూర్చుతూ ఉండిపోయింది. ఎప్పటికో రైలు కదిలింది. ధారూరు వచ్చింది, పోయింది. తల ఎత్తేసరికి ఎదుటి సీటు ఖాళీగా ఉంది.

థాంక్స్ చెప్పలేదు. పేరైనా అడగలేదు.

హైదరాబాదు చేరేదాకా ముక్కలు చెడిపోలేదు. తెగినచోట ఏ జన్యువులు మేల్కొన్నాయో స్పష్టంగా తేలింది. మేడమ్ వీపు తట్టి మెచ్చుకుంది.

మళ్లీ తాండూరుకు వచ్చిన రోజున నీలిమ మిఠాయి డబ్బా పట్టుకుని నేరుగా ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. దాన్ని నడిపే హనుమంతును అడిగింది.

"గూడ్సు కోసం రైలు ఆగిన రోజు మీ దగ్గర ఐసు కొన్నడు, ధారూరు దిక్కు చేపలాయన. పంచె కడతడు."

"రైల్ల తీస్కపోయిండంటే బీరప్పనే. మా అత్తగారి ఊరే ఆయనది. చేపలాయన గాదు మేడమ్."

"ఎవరైనా సరే, ఇది ఆయనకియ్యాలె. ఆ రోజు సగం ఐసు నాకిచ్చిండు."

హనుమంతు ఆమె ముఖంలోకి, ఆ తర్వాత మిఠాయి డబ్బా వైపు చూశాడు.

"సగం ఇచ్చిండా? దారిలనే కరిగిపోయిందని చెప్పిండు అందరికి. ఐసు సాలక, బిడ్డ పూనె నుంచి రాకముందే మట్టి చేసిండ్రు."

నీలిమ మిఠాయి డబ్బాను వెనక్కి లాక్కుంది.

"ఎవరిని?"

"ఆయన పెండ్లాన్ని మేడమ్, షుగరుకు కాలు తీసినా దక్కలేదు. తల్లి మొఖం బిడ్డకు ఒక్కసారి చూపియ్యాల్నని ఆ ఐసు తీస్కపోయిండు."