విశ్వంలో వంపు

"దాచకు మార్నీ. వంపు ఉందా, లేదా?" అన్నాడు ఎల్డన్, ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ.

టూసాన్‌లోని ఆ ఆసుపత్రి గదికి మార్నీ నేరుగా అబ్జర్వేటరీ నుంచే వచ్చింది. ఏళ్ల తరబడి ఆమె బృందం ఆకాశాన్ని కొలిచింది. ఎవరి నమ్మకమూ ఫలితంలోకి చొరబడకూడదని, వాళ్ల ఆచారం ప్రకారం కొలతల్లో ఒక రహస్య అంకె కలిపించుకుని, అసలు జవాబు తమకే కనపడకుండా గంతలు కట్టుకున్నారు. ఆ గంతలు ఈ ఉదయమే విప్పారు. రేపు లోకానికి చెబుతారు.

విశ్వం తనలోకి తాను వంగి ఉందని, ఎంత తిన్నగా పోయినా చివరికి బయలుదేరిన చోటికే వస్తామని ఎల్డన్ వాదన. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని జీవితమంతా కూర్చున్నాడు. ఆయన దగ్గరే చదువుకున్న మార్నీ పాతికేళ్ల కిందట నిండు సభలో, "మా ప్రొఫెసర్ ఎటు బయలుదేరినా తన మొండివాదం దగ్గరికే తిరిగొస్తారు" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఆయన్ని ఏ సభకీ పిలిచినవాళ్లు లేరు. ఆ మాట తలుచుకుని ఆమె ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది.

ఉదయం తేలింది మాత్రం ఒకటే. వెలుగు మనల్ని చేరగలిగినంత మేరా ఎక్కడా వంపు జాడ లేదు.

"పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ల విశ్వమే నోరు విప్పింది. నువ్వు చెప్పడానికేం?" అన్నాడు ఎల్డన్.

లెక్కలో ఒక్క అంకె కూడా తారుమారు చేసి ఎరగని మనిషి మార్నీ. ఆయన ఎముకల చేతిని చూసింది. నిజం చెప్పడానికి మనసొప్పలేదు.

"ఉంది. మీరే గెలిచారు."

"నిజంగానా?"

"నా కళ్లతో చూశాను."

నవ్వుతాడనుకుంది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పాతికేళ్లకి నిన్న రాత్రి హాయిగా నిద్రపట్టింది" అన్నాడు.

"మంచిదే కదా ప్రొఫెసర్?"

"ఏం మంచి? నా లెక్కలో తప్పు దొరికిందని, నువ్వే ఒప్పని, నిన్న అందరికీ రాసి పంపేసి పడుకున్నాను."