సోన్రే అభిమానులు

“సోన్రేనా? అబ్బో, అతని గొంతంటే నాకు ప్రాణమండీ!” అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన, కాఫీ కప్పు కింద పెట్టి గుండెమీద చెయ్యి వేసుకుని.

ఆమె కాస్త ముందుకు వంగింది. “మరి పోయిన ఏడాది అతను కాలు విరగ్గొట్టుకున్నప్పుడు?”

“అయ్యో, అడక్కండి. రెండ్రోజులు తిండి సయించలేదు. మా అమ్మ డాక్టరు దగ్గరికి పదమని ఒకటే గొడవ.”

“పాపం!” ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. “ఆ కొరియన్ పాటల బృందంలో ఉన్నది నలుగురేనండీ. సోన్రే అనేవాడు అసలు పుట్టలేదు. వాణ్ణి పుట్టించిందీ నేనే, కాలు విరగ్గొట్టిందీ నేనే.”

ఆయన ముఖం జేవురించింది. “ఇదేం పరీక్షండీ? మనిషిని పిలిచి ఇలా పరువు తీస్తారా?”

“నేను పేరు చెప్పానంతే. తిండి మానేసింది మీరు.”

పక్క బల్లల వాళ్ళు కిసుక్కున నవ్వుతుంటే ఆమె దర్జాగా బయటికి నడిచింది. ఆయనతో తొమ్మిది మంది అయ్యారు.

ఉద్యోగాలకు వచ్చేవాళ్ళ సర్టిఫికెట్లు అసలువో దొంగవో తేల్చడం ఆమె పని. ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడ అని పిలుస్తారు. అనుమానం వస్తే ఆ మనిషికి ఫోన్ చేసి, “మీ కాలేజీలో ఆ లెక్కల మేడం రిటైరయ్యారా?” అని లేని మేడం గురించి అడుగుతుంది. “అయ్యారండీ, మేమే దండ వేశాం” అన్నాడంటే ఆ సర్టిఫికెట్ పని అయిపోయినట్టే. ఆ చిట్కానే పరిచయాల యాప్‌లోనూ వాడుతోంది. ఏం అడుగుతుందో సొంత అక్కకు కూడా చెప్పలేదు. పట్టుబడ్డవాళ్ళకే తెలుసు.

వాడదా మరి? ఆ యాప్‌లో మగవాళ్ళ వాలకం అలా ఏడిచింది! ఒకడు ఎవరిదో కారుకు ఆనుకుని ఫొటో దిగుతాడు. ఇంకొకడి ఫొటోలో పక్కనున్న అమ్మాయిని కత్తిరించేసినా, భుజం మీద ఆమె చెయ్యి మిగిలిపోయి ఉంటుంది. వారం పాటు పొద్దున్నే శుభోదయాలు, ఎనిమిదో రోజునుంచి అజాపజా ఉండదు. గట్టిగా అడిగితే “మన బంధానికి పేరెందుకు, అలా పోనిద్దాం” అంటారు. పెంచుకునే కుక్కకైనా పేరు పెడతారు కదా! తన పరిచయంలో ఆ కొరియన్ బృందమంటే పడిచస్తానని ఆమె రాసుకోగానే, కొరియా మ్యాపులో ఎటుందో తెలియని ప్రబుద్ధులంతా తెల్లారేసరికి వీరాభిమానులైపోయారు.

ఆమె అభిమానం మాత్రం ఉత్తుత్తిది కాదు. ఫోను కవరు వెనక ఆ నలుగురి ఫొటోలు, బస్సెక్కితే చెవుల్లో వాళ్ళ పాటలు. మాటలు అర్థం కావడం లేదని ఏడాదిపాటు కూర్చుని ఆ భాష నేర్చుకుంది. రెండేళ్ళ క్రితం ఒకడు ఆ పాటలు పాడుతూనే దగ్గరయ్యాడు. అవే పాటలు మరో ఇద్దరికి కూడా పాడుతున్నాడని తెలిసిన రోజు ఆమె ఏడ్చిన ఏడుపు అక్కకొక్కదానికే తెలుసు. అప్పటినుంచీ ఆమెకు అందగాడూ వద్దు, పాటగాడూ వద్దు. అబద్ధమాడని మనిషి ఒక్కడు దొరికితే చాలు.

“నీ జల్లెడలో మగాడనేవాడు మిగలడే,” అంది అక్క ఫోనులో. “పాటల మీద పరీక్ష పెట్టి మొగుణ్ణి వెతుక్కుంటారటే ఎవరైనా?”

“అందరూ కాపీ కొట్టేవాళ్ళే అయితే నేనేం చెయ్యనక్కా?”

“రేపు వచ్చేవాణ్ణైనా కాఫీ పూర్తిగా తాగనియ్యి తల్లీ!”

పదోవాడు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. అదే కాఫీ షాపు, అదే కిటికీ పక్క బల్ల. చెప్పిన టైముకు వచ్చి కూర్చుని, జారిపోతున్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“మొన్ననే చేయించానండీ, ఇంకా అలవాటు కాలేదు,” అన్నాడు.

ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. “నేను ఏ పాటలు వింటానో చూసే ఉంటారు.”

“చూశాను. నాకు వాటిల్లో ఒక్కటీ తెలియదండీ.”

ఆమె చేతిలో చెంచా ఆగిపోయింది. “ఒక్కటీ వినలేదా?”

“వినలేదు. విన్నానంటే మీరు సంతోషిస్తారేమో గానీ, నాకు అబద్ధం అచ్చిరాదు. రెండో మాటకే దొరికిపోతాను.”

ఆమె ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో పెట్టుకుని రెండోది అతనికిచ్చింది. పాట అయిపోయింది.

“ఎలా ఉంది?”

“గోలగా ఉంది. మధ్యలో ఆ సన్న గొంతు మాత్రం బావుంది.”

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే చెడామడా దులిపేసేది. ఇప్పుడు మాత్రం పకపకా నవ్వింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తలుపు తెరవగానే తనను ఎన్ని రకాలుగా తిడతారో అతను చెబుతుంటే గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు. కాఫీ చల్లారిపోయింది. ఆమెకు చాలా హాయిగా ఉంది, కొంచెం భయంగా కూడా ఉంది. బల్ల కింద ఫోను పెట్టుకుని అక్కకు మెసేజ్ కొట్టింది: ‘ఒకడు మిగిలాడక్కా.’

గుమ్మం దగ్గర విడిపోయేముందు ఆమె ఆగింది.

“మీకో సంగతి చెప్పాలి. వచ్చిన ప్రతివాణ్ణీ నేను ఒక ప్రశ్న అడుగుతాను. మిమ్మల్ని అడగలేదు. ఇక అడగను కూడా.”

అతను హాయిగా నవ్వి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“సోన్రే గురించేనా?”