మూతలో మైనం

గుట్ట సగం ఎక్కేసరికి ట్రాక్టరు మళ్ళీ దగ్గింది. రెండుసార్లు ఎగిసిపడి ఆగిపోయింది.

ఓర్విల్ బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. కింద వాకిట్లోంచి చూస్తున్న లోవెల్ పళ్ళు కొరికాడు. ఈ నెలలో అతను ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి.

"చదునులో గుర్రంలా పోతుంది అబ్బాయ్. గుట్ట కనపడితే చాలు, నాకంటే ముసలిదైపోతుంది," అన్నాడు ఓర్విల్, బండిని మెల్లగా దింపుకొచ్చాక. ఆయనకి డెబ్బై తొమ్మిది. గడ్డి కోసే ఆ చిన్న ట్రాక్టరుకి ముప్ఫై ఒకటి.

ఆదివారం సమాధులకు పూలు పెట్టే రోజు. ఆలోగా గుట్ట మీది సమాధుల దగ్గర గడ్డి కోయాలి. కెంటకీ కొండల్లో ఎవరి పెద్దల సమాధుల మీది గడ్డి వాళ్ళే కోసుకుంటారు. ఆ పనికని బండి బాగుచేయమంటే ఏ మెకానిక్కూ కాదనడు. లోవెల్ పక్క లోయవాడు. ఇక్కడ షెడ్డు పెట్టి ఆరు నెలలే అయింది. అయినా ఆ మర్యాద అతనికీ తెలుసు.

"ఐడా వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. ఆదివారానికి వచ్చేస్తుంది. గడ్డి ఇలాగే ఉంటే నన్ను బతకనిస్తుందా?"

"మీ ఆవిడంటే అంత భయమా పెద్దాయనా?"

"నీకింకా పెళ్ళి కాలేదు కదూ, అందుకే ఆ ధైర్యం."

"అయింది. పోయినసారి కూడా చెప్పాను."

"చెప్పలేదు. చెప్పడానికి భయపడి ఉంటావు."

లోవెల్ నవ్వి, బానెట్ ఎత్తాడు.

మొదటిసారి వచ్చినప్పుడు ప్లగ్గు వైరు వదులుగా ఉంది. రెండోసారి గాలి ఫిల్టరులో గుడ్డపేలిక దొరికింది. ఎలుకలు గూడు పెట్టుంటాయంది ఓర్విల్ కూతురు జెనీవా. ఇవాళ వైరు బాగానే ఉంది. ఫిల్టరు శుభ్రంగా ఉంది. బెల్టు కొత్తది. కార్బ్యురేటరులోకి పెట్రోలు మాత్రం సన్నగా దిగుతోంది.

అనుమానం వచ్చి ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకుంది.

మూతకి సూది మొనంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి పోవాలి. అది మూసుకుపోతే చదునులో కాసేపు నడుస్తుంది, ఎత్తులో ఇంజను ఎక్కువ తాగబోయేసరికి చుక్క దిగదు. లోవెల్ మూత తిరగేసి గోటితో గీరాడు.

ఎర్రటి మైనం.

ఎలుకలు కొవ్వొత్తులు కరిగించవు. వంటింటి కిటికీలో సగం కాలిన ఎర్ర కొవ్వొత్తిని అతను పొద్దున్నే చూశాడు.

అతని మేనమామ ఇలాంటి వాలు మీదే పోయాడు. ఆగిన బండి వెనక్కి జారి, ఆయన మీదే బోర్లాపడింది. ఈ గుట్ట కిందేమో రాళ్ళ వాగు.

జెనీవా కాఫీ తెచ్చింది. యాభై దాటిన మనిషి. కళ్ళ కింద నల్లటి చారలు. లోవెల్ గోటి మీది మైనం చూపించాడు. ఆమె కప్పు కింద పెట్టేసింది.

"దాన్నలాగే వదిలెయ్, లోవెల్," అంది గొంతు తగ్గించి. "గడ్డి నేను కోయిస్తాను. పోయినేడు పైకెళ్ళి దిగాక మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు ఆయన."

"వాలులో బండి ఆగితే ఏమవుతుందో తెలుసా అక్కా?"

"తెలుసు. అందుకే బ్రేకు కొత్తది వేయించాను. కావాలంటే చూసుకో."

లోవెల్ చూడలేదు. ముసలాయన, కొండంత భూమి, ఒక్కతే కూతురు. అతని లెక్క తేలిపోయింది.

"లోపలికి రా, ఒక్క మాట చెప్పాలి," అందామె.

"ఏం చెప్పినా ఆయన ముందే చెప్పండి."

జెనీవా తండ్రి వైపు చూసింది. ఆయన అరుగు మీద కూర్చుని, కాగితం పూలగుత్తులకి దారం చుడుతున్నాడు. తన అమ్మకొకటి, నాన్నకొకటి, తమ్ముడికొకటి. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

"ఆయన ముందు కాదు," అంది.

"అనుకున్నా," అన్నాడు లోవెల్.

సూదితో రంధ్రం పొడిచాడు. పెట్రోలుతో కడిగి, ఊది, వెలుగులోకి పెట్టి చూశాడు. మూత బిగించాడు. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

"ఎక్కండి పెద్దాయనా. నేను పక్కనే నడుస్తా. ఇవాళ మిమ్మల్ని ఎవరు ఆపుతారో చూద్దాం."

"ఐడా వచ్చాక చెప్తా, నీకు ఎండు ఆపిళ్ళ కేకు చేసిపెడుతుంది. ఇంతకీ నీకు పెళ్ళయిందా అబ్బాయ్?"

లోవెల్ చూపంతా చక్రాల మీదే ఉంది. బండి సగం గుట్ట దాటింది. దగ్గలేదు. నిటారుగా ఉన్న చోట కూడా ఒకే ఊపిరితో లాగింది. వెనక జెనీవా పరుగులాంటి నడకతో వస్తోంది. "నాన్నా, ఆగు," అంటోంది. ఇంజను చప్పుడులో ఆయనకి వినపడలేదు. విన్న లోవెల్ ఆపలేదు.

పైన గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఓర్విల్ ఇంజను ఆపి, పూలగుత్తులు తీసుకుని దిగాడు. తల్లి రాయి దగ్గర ఒకటి పెట్టాడు. తండ్రి దగ్గర ఒకటి. తమ్ముడి దగ్గర ఒకటి. చేతులు ఖాళీ అయ్యాయి.

ఆ పక్కన గడ్డిలో, తను పూలు కట్టని నాలుగో రాయి కనపడితే, వంగి దాని మీది పేరు వేలితో తడిమి చదివి, "ఐడా పోయిందా? నాకెవరూ చెప్పలేదేంటమ్మా?" అని ఓర్విల్, నాలుగేళ్ళలో తొమ్మిదోసారి, కూతుర్ని అడిగాడు.