మూడడుగుల మేస్త్రి

సిమెంటు అయిపోయింది, గోడ కాలేదు. ఇశ్రాయేలు మేస్త్రి ఖాళీ సంచిని దులిపి మడత పెట్టాడు. చివర ఇంకా మూడడుగుల సందు మిగిలింది.

"గిదేంది మేస్త్రీ?" అన్నాడు అంజన్. "ఎనిమిది సంచులు సరిపోతయని చిట్టీ రాసిచ్చింది నువ్వే గద?"

"నేనే రాసిన."

"మరి?"

ఇశ్రాయేలు మిగిలిన ఇటుకలు పక్కకు పేర్చసాగాడు. శాలిబండలో ఎవరు గది వేసుకున్నా ముందు ఆయన్నే పిలుస్తారు. జాగా ఒకసారి అడుగులతో కొలిచి ఇటుక ఇంత, ఇసుక ఇంత, కూలీలు ఇంతమంది, ఇన్ని రోజులు అని చెప్పేస్తాడు. పనయ్యాక పది ఇటుకలు మిగలవు, తట్టెడు ఇసుక తగ్గదు. ముప్పై ఏళ్లుగా ఆ పేరు మీదే బతికాడు.

పాల వ్యాపారం చేసే అన్నదమ్ములు లక్ష్మయ్య, అంజన్ బర్రెల కొట్టం దగ్గర గొడవపడి, మాటలు మానేసి, వాకిలి నడుమ గోడ కట్టమన్నారు. సిమెంటు కరువు రోజులు, కొనాలంటే సర్కారు పర్మిట్ కావాలి. మేస్త్రి చిట్టీలో ఎంత రాస్తే అంతే ఇస్తారు. మళ్లీ కావాలంటే మూడు నెలలు ఆగాల్సిందే.

లక్ష్మయ్య గోడ అవతలి నుంచి వచ్చాడు. "కండ్లు కనవడ్తలేవా? చేతగాకుంటే ముందే చెప్పాలె."

ఏ మాటా కుదరని అన్నదమ్ములకు మేస్త్రిని తిట్టడంలో మాత్రం భలే కుదిరింది. కూలీలు నవ్వు ఆపుకుంటున్నారు. ఇశ్రాయేలు సిగ్గుతో చచ్చిపోయాడు. తాపీ కడుక్కుని, తల దించుకుని వీధి దాటాడు.

ఆ వారమే, ఆయనకే ఇస్తానన్న నాగమణమ్మ గది పని వేరొకరికి పోయింది. కూలీల అడ్డా మీద ఆయనకు 'మూడడుగుల మేస్త్రి' అని పేరు పడింది.

"నల్లా కాడ గూడ గదే ముచ్చట," అంది భార్య రాహేలు. "నాకే తలకాయ ఎత్తబుద్ధయితలేదు. గంత లెక్క ఎట్ల తప్పినవయ్యా?"

"ఇడిసిపెట్టు," అని అన్నం సగంలో వదిలి లేచాడు. ఆదివారం ప్రార్థనలో వెనక వరుసలో కూర్చుని, అందరికన్నా ముందే బయటపడ్డాడు.

మూడు నెలలకు పర్మిట్ వచ్చింది. సంచి మోసుకుని వెళ్లేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగు మీద చాయ్ తాగుతున్నారు.

"తప్పు నాదే. గంటల మూసేస్త," అన్నాడు ఇశ్రాయేలు, తలెత్తకుండా.

"మూయకు," అన్నాడు లక్ష్మయ్య. "జ్వరమొచ్చి నేను పది రోజులు పడుకుంటే నా బర్రెలను పిండింది తమ్ముడే, గీ సందులకెల్లి వచ్చి. గల్లీ తిరిగి రావాలంటే వాడు వచ్చేటోడు గాదు. నీ లెక్క తప్పుడే మంచిగైంది. గీడ దర్వాజ పెట్టు."

అప్పటికప్పుడే అంజన్ మేస్త్రిని వెంటబెట్టుకుని హుస్సేనీ ఆలంలో వడ్రంగి ఇస్సాకు దుకాణానికి వెళ్లాడు.

"మూడడుగుల దర్వాజకు చౌకట్టు కావాలె భాయ్. చేసేతందుకు ఎన్ని రోజులైతది?"

ఇశ్రాయేలు గట్టిగా దగ్గి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఇస్సాకు చూసుకోలేదు. లోపల మూలకు ఆనించి ఉన్న చౌకట్టు మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు:

"మీ గోడకు ముగ్గు పొయ్యకముందే మేస్త్రి చేయించిపెట్టిండు."