గోంగూర పులుసులో ఉప్పు

నాలుక మీద రుచిబిళ్ల అంటించుకుని మిషన్ పోసిన జావ తాగడం ఊరందరికీ అలవాటైపోయిన రోజులవి. పేరు చెబితే చాలు, ఆ జావే బిర్యానీ అయ్యేది, పులిహోర అయ్యేది.

కాకినాడలో ఉండే వకుళకు మాత్రం తల్లి పోయిన దగ్గర్నుంచి ఆవిడ వండే గోంగూర పులుసు మీదికే మనసు పోయేది. బిళ్లలో ఉన్నది అందరి గోంగూర, అమ్మది కాదు. చివరికి ఒక ఆదివారం, కుండీలో పెంచిన ఆకు కోసి, అమ్మ వండినట్టే పులుసు వండింది. భర్త భాస్కరం చేత బిళ్ల తీయించి వడ్డించింది.

"ఉప్పు సరిపోయిందాండీ?"

అతను రెండు ముద్దలు తిన్నాడు. "మిరపకాయ మంట తెలుస్తోందే. ఉప్పూ పులుపూ ఏం తెలీట్లేదు. అసలు వేశావా?"

వకుళ కూడా బిళ్ల తీసి చూసింది. నాలుక మండింది, అంతే. ఇంకాస్త ఉప్పు వేసి చూసినా తేడా లేదు. గిన్నె పట్టుకెళ్లి ఎదురింటి రాజ్యలక్ష్మిగారి తలుపు కొట్టింది. ఆవిడ బిళ్ల తీసి, రుచి చూసి, ఇంకో చెంచా నోట్లో వేసుకుంది.

"ఏమోనమ్మా, నాకూ తెలీట్లేదు. పై వాటాలో అడుగు."

పై వాటాలోనూ ఎవరికీ తెలియలేదు.

"పోనీ బిళ్ల పెట్టుకునే తిందాం. గోంగూర అంటే సరిపోద్ది కదా," అన్నాడు భాస్కరం ఆమె ముఖం చూడలేక.

ఇద్దరూ బిళ్లలు అంటించుకుని తిన్నారు. ఉప్పూ పులుపూ చక్కగా కుదిరాయి. అమ్మ పులుసు ఇలాగే ఉండేదో లేదో వకుళకు ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.